కొట్టేసిన మూడు వాక్యాలు

పాస్టరుగా పనిచేసిన మా తాతయ్య పోయాక రెండో శనివారం జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నాం. సభలో చదవడానికి జీవిత చరిత్ర రాయమని, రెండు పేజీలు దాటొద్దని పెదనాన్న నాకు పురమాయించాడు. ఇంట్లో తెలుగు టైపు చేయడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. అంతకు మించిన అర్హత నాకేమీ లేదు. రాసి, ప్రింటు తీసి ఇచ్చాను. గంట తర్వాత ఆ కాగితాలు పెన్ను గీతలతో తిరిగొచ్చాయి.

అక్షరదోషాలు నాలుగు దిద్దారు. "మరణించారు" అన్నచోట "ప్రభువునందు నిద్రించారు" అని మార్చారు. అది సబబే, మా ఇళ్ళల్లో అలాగే అంటాం. కానీ మూడు వాక్యాలను మాత్రం మొదలు నుంచి చివరిదాకా కొట్టేశారు. సభలో చదివినప్పుడు అవి లేవు. అవి లేనట్టు ఎవరికీ తెలియలేదు కూడా. మైకు బాగా పనిచేసింది, భోజనాలు బాగా జరిగాయి, వచ్చినవాళ్ళు నా భుజం తట్టి "బాగా రాశావు బాబూ" అన్నారు.

నేను రాసింది బాగా లేదని ఇంటికొచ్చాక నాకు అర్థమైంది. ఆ రెండు పేజీలూ తీసుకెళ్ళి, పేరు మార్చి, కోస్తా జిల్లాల్లో చనిపోయిన ఏ పాస్టరు గారి కూడికలోనైనా చదవొచ్చు. నిరుపేద కుటుంబంలో పుట్టారు, చిన్నప్పుడే దేవుని పిలుపు అందుకున్నారు, ఎన్నో శ్రమలు పడ్డారు, ఇన్ని ఆత్మలను రక్షణలోకి నడిపించారు, ఇంతమంది మనవలను చూశారు. తాతయ్య ఒక్కడికే చెందినదంటూ అందులో ఏదైనా ఉందంటే అది ఆ కొట్టేసిన మూడు వాక్యాల్లోనే ఉంది. ఆ మూడింట్లో రెండు ఉండి తీరాల్సింది అన్నది నా వాదన. మూడోదాని సంగతి తర్వాత చెప్తాను.

ఫ్లెక్సీ గురించి ఒక్క మాట చెప్పి ముందుకెళ్తాను. గుడి (చర్చిని మేం అలాగే అంటాం) ముందు కట్టిన ఫ్లెక్సీలో తాతయ్య వెనక నీలాకాశం, రెండు పావురాలు, పైన "మహా దైవజనులు రెవరెండ్ డాక్టర్" అని ఉంది. డాక్టర్ ఎక్కడిదని ఫ్లెక్సీ కుర్రాణ్ణి అడిగితే "పాస్టర్లందరికీ ఉంటది కదన్నా, డిజైన్‌లోనే ఉంది" అన్నాడు. తాతయ్య రామాయపట్నం సెమినరీలో చదివిన మనిషి. ఆ చదువు మీద ఆయనకు గర్వం ఉండేది. ఇంకే డిగ్రీ లేదు. పుట్టినతేదీ కూడా సొంతానిది కాదు, బడిలో చేర్చుకున్న అయ్యవారు వేసిన జులై 1.

ఆరె

మొదట కొట్టేసిన వాక్యం ఇది: "ఆయన తండ్రి చచ్చిన గొడ్ల తోళ్ళు తీసి, చెప్పులు కుట్టి, మోటబావులకు తోలు బొక్కెనలు కుట్టి పిల్లలను పెంచాడు."

దీని బదులు పెదనాన్న "దైవభక్తిగల నిరుపేద కుటుంబంలో జన్మించారు" అని రాశాడు. నేను అడ్డం పడితే, నన్ను పక్క గదిలోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరగా వేసి అన్నాడు: "ఊళ్ళో వాళ్ళు మమ్మల్ని ఏమని పిలిచేవాళ్ళో నీకు తెలియదు. ఆ పిలుపు పోయి 'పాస్టరు గారి అబ్బాయి' అనే పిలుపు రావడానికి మీ తాతకు ముప్పై ఏళ్ళు పట్టింది. నువ్వు ఒక్క ముక్కతో మళ్ళీ అక్కడికి తీసుకుపోతానంటావేందిరా?"

దీనికి నా దగ్గర వెంటనే జవాబు లేదు. నేను ఒంగోలు టౌన్లో పుట్టి ఇంగ్లీషు మీడియంలో చదివాను. నన్ను ఆ పేరుతో మొహం మీద ఎవరూ పిలవలేదు. పెదనాన్నకు ఉన్న దెబ్బ నాకు లేదు కాబట్టి ఆ వాక్యం నాకు సులువుగా వచ్చింది.

అయినా ఆలోచిస్తే, మా సంఘాల పుట్టుకే ఆ తోళ్ళ దగ్గర ఉంది. తాళ్ళకొండపాడు ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ళ వ్యాపారి. ఆయన వెంట మాదిగపల్లె జనం వస్తున్నారని తెలిసి, ఒంగోలు మిషనరీ క్లౌ దొర దగ్గరకు అప్పటిదాకా వస్తున్న పెద్దకులాల వాళ్ళు, వీళ్ళను చేర్చుకుంటే మేం రామన్నారు. దొర, దొరసాని వేర్వేరు గదుల్లో కూర్చుని బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఒకటే చోటు వచ్చిందట. లోకం నీచంగా చూసేవాళ్ళనే దేవుడు ఏరుకున్నాడు అన్న మాట ఉన్న చోటు. ఈ కథను మా పాస్టర్లు ఏడాదికి ఒక్కసారైనా చెప్తారు. తాతయ్య రెండుసార్లు చెప్పేవాడు. దేవుడు తక్కువవాళ్ళను ఏరుకున్నాడని వేదిక మీద చెప్పి, ఆ తక్కువవాళ్ళ పని ఏమిటో కాగితంలోంచి కొట్టేస్తే ఇంక ఏరుకున్నదెవర్ని?

1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో 2222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. తాతయ్యకు ముత్తాత వాళ్ళల్లో ఒకడని మా ఇంట్లో చెప్పుకుంటారు. ఒంగోలు చుట్టుపక్కల ప్రతి బాప్టిస్టు కుటుంబమూ ఇదే చెప్పుకుంటుంది. అందరి ముత్తాతలనూ లెక్కవేస్తే ఆ రోజు ఏట్లో నీళ్ళకంటే మనుషులే ఎక్కువుండాలి. అంతకుముందు 1876-78 నాటి పెద్ద కరువులో జనం బకింగ్‌హాం కాలువ తవ్వి కూలి తెచ్చుకుని బతికారు. కరువు పనికోసం, తిండికోసం మతంలో కలిశారన్న మాట రాకూడదని దొర పదిహేను నెలలు బాప్తిస్మాలు ఆపి, పనులు అయ్యాకే మళ్ళీ మొదలుపెట్టాడు. అయినా ఆ మాట నూట నలభై ఏళ్ళు దాటినా పోలేదు. బియ్యం కోసం కలిసినోళ్ళు అని ఇప్పటికీ అంటారు. మేం మా పూర్వీకుల పనిని దాచేకొద్దీ ఆ మాటకు బలం పెరుగుతుందని నాకనిపిస్తుంది. తోలు పని తెలిసిన మనిషి ఎలాంటి కరువులోనైనా ఏదో ఒకటి చేసి బతికినవాడే.

తాతయ్య దాచలేదు. ఇది నా ఊహ కాదు, ఆయన సంచిలో ఉన్న వస్తువు చెప్తుంది. బైబిలు, కీర్తనల పుస్తకం, కళ్ళజోడు, టార్చిలైటుతో పాటు ఆ సంచిలో తోలుకు బొక్కలు పొడిచే వాళ్ళ నాన్న ఆరె ఉండేది. చెక్క పిడి చేతిచెమటకు నల్లబడిపోయింది. దాంతో ఆయన ఊడిపోయిన బైబిళ్ళ అట్టలు కుట్టేవాడు. మైనం రాసిన నూలు దారం, రెండు వైపుల నుంచీ ఎదురెదురుగా కుట్టు. పక్క ఊళ్ళ నుంచి కూడా పుస్తకాలు తెచ్చి ఇచ్చేవాళ్ళు. చిన్నప్పుడు నేను పక్కన కూర్చుని చూస్తుంటే "మా నాయన చెప్పుకేసే కుట్టే ఇది. చెప్పులో పడ్డ కుట్టు తడిసినా ఊడదు, ఇది మటుకు ఎందుకూడుద్ది" అనేవాడు. మా పల్లె గుడిలో ఇప్పుడున్న వేదిక బైబిలు ఆయన కుట్టిందే. దాని మీద చెయ్యి పెట్టే వాక్యం చెప్తారు.

పైగా ఇది ఈదుముడి ఉన్న జిల్లా. ఎస్సీ వర్గీకరణ కోసం మాదిగల పోరాటం, దండోరా, 1994 జులైలో అక్కడే మొదలైంది. ఆ తర్వాత చాలామంది కుర్రాళ్ళు పేరు చివర మాదిగ అని పెట్టుకుని నిలబడ్డారు. పెదనాన్న తరం దిగమింగుకున్న మాటను తర్వాతి తరం పేరులో కలుపుకుంది. తాతయ్య ఈ రెండింటికీ మధ్యలో ఎక్కడో ఉండేవాడు. మీటింగులకు పోలేదు, పోయేవాళ్ళను ఆపలేదు.

సర్టిఫికెట్టు

పెదనాన్నది పరువు భయం. మా పెద్దత్త కొడుకుది ఇంకో భయం. వాడు గ్రూప్-2కి చదువుతున్నాడు. కూడిక ముందు రోజు రాత్రి ఫోన్ చేసి "బావా, ఆ కాగితంలో మనవళ్ళ పేర్లు వేస్తున్నావా?" అన్నాడు. అవునన్నాను. "నా పేరు తీసెయ్" అన్నాడు.

తెలిసినవాళ్ళకు ఇంతకంటే చెప్పక్కర్లేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరాలో హిందువులకే ఎస్సీ హోదా అన్నారు. 1956లో సిక్కులను కలిపారు, 1990లో బౌద్ధులను కలిపారు. ఎస్సీల్లోంచి క్రైస్తవులైతే మన దగ్గర బీసీ-సీ, ఒక్క శాతం. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానం చేసి కేంద్రానికి పంపింది. 2025లో మన హైకోర్టు, అదీ ఒక పాస్టరు పెట్టిన కేసులోనే, మతం మారితే ఎస్సీ హోదా ఉండదని, అట్రాసిటీ చట్టం కింద కేసు నిలవదని చెప్పింది. మతం మారితే చాలు, కులం తీసి చొక్కా కొక్కేనికి తగిలించినట్టు తగిలించి రావచ్చని ఎవరు నమ్ముతున్నారో నాకు తెలియదు. మా ఊళ్ళో మాత్రం పాస్టరు గారికైనా టీ వేరే గ్లాసులోనే వచ్చిన రోజులున్నాయి.

కాబట్టి ఇంట్లో కొందరు కాగితం మీద ఒకటి (ఎస్సీ సర్టిఫికెట్టు కోసం హిందువు), ఆదివారం ఇంకొకటి. తప్పుపట్టే స్థితిలో నేను లేను. వాడి పేరు తీసేశాను. "మనవలు, మనవరాళ్ళు" అని ఊరుకున్నాం. తమాషా ఏమిటంటే, కులం కనపడకూడదని పెదనాన్న ఒక వాక్యం కొట్టేస్తే, మతం కనపడకూడదని వీడు పేరు కొట్టించాడు. ఇద్దరి గీతలూ కలిసేసరికి తాతయ్యకు వెనక తండ్రీ లేడు, ముందు మనవలూ లేరు. ఆకాశంలో పావురాల మధ్య ఉన్న ఆ ఫ్లెక్సీ మనిషే మిగిలాడు.

గుడి రేకులు

రెండో వాక్యం: "1983లో ఆయన గుడి రేకుల కోసం పోగుచేసిన డబ్బులోంచి 1500 రూపాయలు సొంతానికి వాడుకుని, ఆ సంగతి సంఘం ముందు ఒప్పుకుని, నెలకు యాభై చొప్పున తీర్చారు."

ఇది కొట్టేసింది బాబాయి. బాబాయి కూడా పాస్టరే, మనిషి తెలివైనవాడు, ఆయన వాదనను తేలిగ్గా తీసిపారేయలేం. ముందు జరిగింది చెప్తాను.

అప్పటికి గుడికి తాటాకు కప్పు. ఏటా కప్పించాలి, ఏటా ఎలుకలు, తేళ్ళు. సిమెంటు రేకులు వేయాలని రెండేళ్ళుగా కూడబెడుతున్నారు. ఆడవాళ్ళు పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ పిడికెడు బియ్యం తీసి కుండలో వేసేవాళ్ళు. ఆదివారం ఆ బియ్యం గుడికి తెస్తే కొలిచి అమ్మేవాళ్ళు. కోతకాల పండుగకు తెచ్చిన కోడిపుంజులు, గుమ్మడికాయలు పాట పెట్టేవాళ్ళు. అలా వచ్చిన డబ్బు. కూలికి పోయి తిరిగొచ్చిన ఆడవాళ్ళ పిడికిళ్ళలోంచి వచ్చిన డబ్బు. ఇందులో దాపరికం ఏమీ లేదు, అది మామూలు డబ్బు కాదని తాతయ్యకు అందరికంటే బాగా తెలుసు.

ఆ జూన్‌లో మా నాన్నకు పాలిటెక్నిక్‌లో సీటు వచ్చింది. ఫీజు, హాస్టలు మెస్సు అడ్వాన్సు, ట్రంకు పెట్టె, డ్రాయింగుకు మినీ డ్రాఫ్టరు. వారంలోపు కట్టాలి. షావుకారు దగ్గర అప్పటికే పాత బాకీ. ట్రెజరర్ పొలం పనుల మీద బయటూరు పోతూ డబ్బు పెట్టె తాతయ్య ఇంట్లో పెట్టి వెళ్ళాడు. తాతయ్య అందులోంచి తీశాడు.

నవంబరులో వాన పట్టుకుంది. మా వైపు వానలు అప్పుడే కదా. గుడి మూడు చోట్ల కారుతుంటే జనం చాపలు జరుపుకుంటూ కూర్చున్నారు. ఆ నెల మొదటి ఆదివారం, బల్ల ఆరాధన, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచే ఆరాధన. రొట్టె, ద్రాక్షరసం మీద కప్పిన తెల్లగుడ్డ తీయబోయి ఆగి, "రేకుల డబ్బు మావాడి చదువుకు నేను తీసుకున్నాను. ఈ చేతులతో మీకు బల్ల ఇవ్వలేను" అని చెప్పి వచ్చి కింద చాప మీద కూర్చున్నాడట. నాకు ఈ సంగతి చెప్పింది అప్పటి డీకన్లలో (సంఘ పెద్దల్లో) ఇప్పుడు మిగిలిన ఒకే ఒక పెద్దాయన, భూస్థాపన రోజు, సమాధి పూడ్చాక చేతులు కడుక్కుంటూ. ఆ రోజు గుళ్ళో వాన చప్పుడు తప్ప ఏమీ వినపడలేదన్నాడు. తర్వాత ఒక ముసలామె లేచి "అయ్యగారూ, రేకులకు తొందరేముంది, మాకు తడవడం కొత్తా" అందట. ఇంకొకాయన మాత్రం ఇది దొంగతనమే అన్నాడట. ఆయన కుటుంబం ఆ తర్వాత వేరే సంఘానికి వెళ్ళిపోయింది, ఇప్పటికీ అక్కడే ఉంది. నా దృష్టిలో ఆయన అన్నది తప్పు కాదు.

డబ్బు మొత్తం తీరేదాకా తాతయ్య బల్ల ఇవ్వలేదు, తీసుకోలేదు. నెలకోసారి పక్క ఫీల్డు (మిషను ప్రాంతం) నుంచి ఒక పాస్టరు గారు సైకిలు మీద వచ్చి ఇచ్చి వెళ్ళేవారు. తాతయ్య వెనక వరుసలో కూర్చునేవాడు. వాక్యం మాత్రం ఆయనే చెప్పేవాడు, ఎందుకంటే చెప్పేవాళ్ళు ఇంకెవరూ లేరు.

నాన్న ఆ చదువుతో ఉద్యోగంలో చేరాడు. ఆ ఉద్యోగంతో నన్ను చదివించాడు. మినీ డ్రాఫ్టరు ఇప్పటికీ మా ఇంట్లో బీరువా మీద ఉంది, అమ్మ పాత గుడ్డలో చుట్టి పెట్టింది. అంటే నేను తప్పు అంటున్న పని వల్ల లాభపడ్డ మొదటి ఇద్దరిలో నేనొకణ్ణి. ఈ వాక్యం ఉండాలని పట్టుబట్టడంలో ఆ మొహమాటం కూడా కొంత ఉండొచ్చు.

దినవృత్తాంతాలు

బాబాయి మాట ఇది: "ఈ రోజుల్లో పాస్టరంటేనే కార్లు, స్థలాలు, ఫారిన్ డబ్బు అంటున్నారు. నువ్వు ఇది మైకులో చదివావంటే ఎవడో ఫోన్లో తీసి, సగం కత్తిరించి పెడతాడు. పాస్టరు గుడి డబ్బు తిన్నాడు అన్నంతవరకే ఉంటది. తీర్చిన సంగతి ఉండదు. పోయినాయన వచ్చి జవాబు చెప్పుకోలేడు కదా."

నేను నాకు తెలిసిన బైబిలు తీశాను. దావీదు రాజు ఊరియా భార్యను చేర్చుకుని, ఊరియాను చంపించిన సంగతి ఎవరూ దాచలేదే అన్నాను. మత్తయి సువార్త మొదటి అధ్యాయంలో, యేసు వంశావళిలోనే, సొలొమోను తల్లిని పేరుతో కాకుండా ఊరియా భార్య అని గుర్తుచేసి మరీ రాశారు. యేసును ఎరగనని పేతురు బొంకడం నాలుగు సువార్తల్లోనూ ఉంది. సంఘానికి పెద్దగా నిలబడినవాడి సిగ్గును నలుగురు రాశారు, ఒక్కరూ కొట్టేయలేదు.

బాబాయి నవ్వాడు. "దినవృత్తాంతాలు చదివావా? మొదటి గ్రంథం ఇరవయ్యో అధ్యాయం తియ్" అన్నాడు. తీశాను. రాజులు యుద్ధానికి బయల్దేరే కాలం, యోవాబు వెళ్ళాడు, దావీదు యెరూషలేములో ఉండిపోయాడు. సమూయేలు గ్రంథంలో సరిగ్గా ఇక్కడే మేడ మీద షికారు, స్నానం చేస్తున్న స్త్రీ, ఊరియా చావు, నాతాను ప్రవక్త వచ్చి చెప్పిన గొర్రెపిల్ల కథ అన్నీ ఉంటాయి. దినవృత్తాంతాల్లో ఏమీ లేవు. యోవాబు రబ్బాను కొట్టాడు, దావీదు కిరీటం పెట్టుకున్నాడు, అయిపోయింది. "చూశావా, అది రాసినాయనకు సంగతి తెలియకా? బబులోను చెరనుంచి తిరిగొచ్చి, గుడి మళ్ళీ కట్టుకుని, అదిరిపోయి ఉన్న జనానికి ఏం కావాలో అదే రాశాడు. కూడికకు వచ్చేది అలాంటి జనమే."

రెండు రోజులు దీని గురించే ఆలోచించాను. బాబాయి చెప్పింది నిజం. దుఃఖంలో ఉన్నవాళ్ళకు ఆదరణ కావాలి, ఆడిట్ రిపోర్టు కాదు. అయితే బైబిలు కూర్చినవాళ్ళు దినవృత్తాంతాలను చేర్చుకున్నారు గానీ, అది వచ్చింది కదా అని సమూయేలును తీసేయలేదు. రెండూ ఒకే అట్టలో ఉన్నాయి. మా ఇంట్లో తాతయ్య గురించి ఇప్పటిదాకా ఒకటే ఉంది, అది సభలో చదివేశారు. రెండోది ఇక్కడ రాస్తున్నాను.

కత్తిరించి పెడతారన్న భయానికి కూడా ఒక మాట. కత్తిరించేవాడు ఎలాగూ కత్తిరిస్తాడు. కానీ ఈ రోజు కొత్తగా సంఘం పెట్టిన ఏ కుర్ర పాస్టరైనా ఇలాంటి అవసరంలోనే, ఇలాంటి పెట్టె ముందే కూర్చుని ఉంటాడు. జీతం అంటూ ఒక లెక్క ఉండదు, పిల్లల ఫీజులకు మాత్రం గడువు ఉంటుంది. వాడికి మహా దైవజనుల జీవిత చరిత్రలు పనికిరావు. ఒకాయన తీశాడు, ఒప్పుకున్నాడు, చాప మీద కూర్చున్నాడు, అయినా ఆకాశం విరిగి పడలేదు అని తెలిస్తే పనికొస్తుంది.

నా మీద నాకున్న అనుమానం కూడా చెప్పాలి. మచ్చ ఉన్న మనిషి గురించి రాస్తే వ్యాసం బాగా వస్తుంది. మచ్చ, పశ్చాత్తాపం, చాప, వాన చప్పుడు. పైన ఆ పేరా రాస్తున్నప్పుడు నాకు లోపల కొంచెం సంతోషం వేసిన మాట నిజం. ఫ్లెక్సీ కుర్రాడి దగ్గర పావురాల డిజైన్ ఉంది, నా దగ్గర వాన డిజైన్ ఉంది.

రాయనిది

మూడో వాక్యం తాతయ్యకూ మా చిన్నత్తకూ మధ్య జరిగినది. ఆ గీత మిగతా గీతల్లా లేదు. రెండుసార్లు గీసి ఉంది, పెన్ను కూడా వేరే. అది కొట్టేసింది చిన్నత్తే.

నేను అప్పటికి మంచి ఊపు మీద ఉన్నాను కదా, ఆమెతోనూ వాదించాను. దాచడం వల్ల ఎవరికి మేలు, తాతయ్య మారాడు కదా, చివర్లో నువ్వే కదా చూసుకున్నావు, అది గొప్ప సాక్ష్యం అవుతుంది అన్నాను. ఆమె అంట్లు తోముతూ అంతా విన్నది. తర్వాత చెయ్యి తుడుచుకుని, "నేను ఆయన్ని క్షమించానా లేదా అన్నది నాకే ఇంకా తేలలేదు. నువ్వు మైకులో తేల్చేస్తావా?" అంది.

అందుకని ఆ వాక్యం ఇక్కడా రాయను. పాత వాదన ప్రకారం రాయాలి. కానీ తోళ్ళు తీసింది ముత్తాత, డబ్బు తీసింది తాతయ్య. ఆ దెబ్బ మాత్రం ఆయనది కాదు, ఆమెది. ఆమె ఉండగా అది నా చేతికి రాదు.

నోటుబుక్కు

నాయనమ్మకు ఎనభై ఆరు. సభలో ముందు వరుసలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. రెండు పేజీల్లో ఆమెకు వచ్చినది అర వాక్యం: "సాటియైన సహాయముగా నిలిచిన సతీమణి." ఇది పెదనాన్న దిద్దుబాటు కాదు, నేను రాసిందే. బైబిల్లో ఉన్న మాట, బాగుందనుకున్నాను.

కూడిక అయిన నాలుగు రోజులకు తాతయ్య పాత ట్రంకు పెట్టె సర్దుతుంటే లెక్కల నోటుబుక్కు దొరికింది. అట్ట ఆరెతో కుట్టి ఉంది. ముందు పేజీల్లో బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, సమాధులు. మా పల్లెలో చాలామందికి పుట్టినతేదీకి రుజువు ఈ పుస్తకమే. రేషన్ కార్డులకు, పెన్షన్లకు ఇందులో చూసి రాయించుకున్నవాళ్ళున్నారు. వెనక నుంచి తిరగేస్తే రేకుల బాకీ. నెల, యాభై, సంతకం. నెల, యాభై, సంతకం. నా వాక్యానికి సాక్ష్యం దొరికిందని పరుగున తీసుకెళ్ళి నాయనమ్మకు చూపించాను. "చూడు నాయనమ్మా, తాతయ్య ఒక్క నెల తప్పకుండా కట్టాడు" అన్నాను.

ఆమె కళ్ళజోడు తెమ్మంది. పేజీని మొహానికి దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఈ రాత ఎవరిది?" అంది.

అప్పుడు చూశాను. ముందు పేజీల్లో తాతయ్య రాత నిలువుగా, సన్నగా ఉంటుంది. ఇక్కడ అక్షరాలు గుండ్రంగా, బడిపంతులు పలక మీద రాసినట్టున్నాయి. ఆమె ముప్పై ఏళ్ళు మిషను ఎలిమెంటరీ బడిలో ఒకటో తరగతి చెప్పింది. నెలనెలా జీతం వచ్చింది ఇంట్లో ఆమె ఒక్కతికే.

"మీ తాత ఎక్కడ కట్టాడ్రా? ఆయన చేతిలో ఎప్పుడన్నా యాభై ఉందా? ఒకటో తారీఖున జీతం తీసుకుని, ఇంటికి రాకముందే ట్రెజరర్ ఇంటికి పోయి కట్టొచ్చేదాన్ని. ఇంటికొస్తే ఎవడో ఒకడు అరుగు మీద కూర్చుని ఉంటాడు, మీ తాత తీసి ఇచ్చేస్తాడు."

కాసేపాగి ఇంకో సంగతి చెప్పింది. "తియ్యమన్నది కూడా నేనే. ఆయన రాత్రంతా పెట్టె ముందు ప్రార్థన చేస్తా కూర్చున్నాడు. తెల్లారి బస్సు. ప్రార్థన చేస్తే ఫీజు కడతారా, తియ్యి, నేను తీరుస్తా అన్నా. ఆయన తీశాడు. తర్వాత అందరి ముందూ లేచి 'నేను తీసుకున్నా' అన్నాడు. నన్ను ఒక్క మాట అడగలేదు."

"నువ్వు కూడా అన్నాళ్ళూ బల్ల తీసుకోలేదా?"

"ఎందుకు తీసుకోనూ? ప్రతి నెలా తీసుకున్నా. బిడ్డ చదువుకు దేవుడి దగ్గర అప్పు తెచ్చా, జీతంలోంచి తీరుస్తన్నా. ఇందులో పాపమేముంది? ఆయనకు అన్నిటికీ పాపమే."

నేను రాసిన వాక్యం, పెదనాన్నతో బాబాయితో పోట్లాడి ఉంచాలన్న వాక్యం, దాంట్లో కూడా సగం తప్పే. "తీర్చారు" అని గౌరవంగా బహువచనం వేశాను. ఆ బహువచనంలో ఇద్దరున్నారని నాకు తెలియదు.

ఈ సంగతి రాయొచ్చా అని అడిగాను. చిన్నత్త దగ్గర తిన్న దెబ్బ గుర్తుంది కదా. "రాసుకో. ఇప్పుడు నా ఉద్యోగం పీకేదెవరు" అంది. ఆ తర్వాత నా మాట వినలేదు. వేలు పెట్టి పేజీ మీదుగా లెక్కపెట్టుకుంటూ పోయింది, పెదవులు కదుపుతూ, ఒకటో తరగతి పిల్లల చేత చెప్పించినట్టు. చివరికి వచ్చి ఆగి, మళ్ళీ మొదలుపెట్టింది. రెండోసారి కూడా అంతే వచ్చినట్టుంది.

"ముప్పై ఒకటి ఉన్నాయిరా. 85 ఆగస్టు రెండుసార్లు కట్టించుకున్నాడు ఆ ట్రెజరర్" అంది. "సంఘం మనకే యాభై బాకీ. మీ బాబాయికి చెప్పు."